సరిగమల నిచ్చెన

పిల్లలూ! వైకుంఠపాళి మీరంతా ఆడే ఉంటారు. పెద్దపాము నోట్లో పడి జారినవాడి ముఖం ఎలా ఉంటుందో నేను చెప్పనక్కరలేదు. ఆ పటాన్నే కాస్త మార్చి, మదనపల్లెలో మా చర్చి పిల్లల పాటల తరగతికోసం ఒక ఆట తయారుచేశాను. మీరూ చేసుకోవచ్చు.

పాటల తరగతికి ఆట ఎందుకంటారా? మంచి గొంతు గల నలుగురు పాడుతుంటే, తక్కినవారు పెదవులు మాత్రం కదుపుతూ కూర్చుంటారు. "నాకు గొంతు లేదు" అని చిన్నప్పుడు అనుకున్న పిల్ల, పెద్దయినా పాడకుండానే ఉండిపోవచ్చు. అది చిన్న నష్టమా?

మేము పాడే 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' పుస్తకం తెరిస్తే, చాలా పాటల నెత్తిన రాగమూ తాళమూ రాసి ఉంటాయి. పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటివారు మన కర్ణాటక రాగాలలోనే కీర్తనలు కట్టారు. కాబట్టి స్వరమూ, తాళమూ రెండూ నేర్వాలి. పాటను కాగితంమీద పెట్టడం మా ఊరికి కొత్త కాదు. 1919లో రవీంద్రనాథ ఠాకూరు మదనపల్లెకు వచ్చి, 'జనగణమన'ను ఇంగ్లీషులోకి మార్చింది ఇక్కడే. ఆ పాటకు మార్గరెట్ కజిన్స్ అనే ఆవిడ స్వరాలు రాసిపెట్టిందీ ఇక్కడే.

ఇక పని మొదలుపెడదాం. పాత క్యాలెండరు కాగితాన్ని వెనుకవైపు పైకి వచ్చేలా అట్టమీద అంటించండి. దానిమీద 40 సెంటీమీటర్ల చదరం గీయండి. అందులో 5 సెంటీమీటర్ల గళ్ళు, వరుసకు 8 చొప్పున 8 వరుసలు వేస్తే మొత్తం 64 గళ్ళు. అడుగు వరుస 'స', దానిపైన 'రి', ఆపైన గ, మ, ప, ద, ని. అన్నిటికన్నా పైన మళ్ళీ 'స'. ప్రతి వరుసకూ అంకెలు ఎడమనుంచి కుడికే వేయాలి.

వరుసకు 8 గళ్ళే ఎందుకో తెలుసా? ఆదితాళానికి 8 దెబ్బలు గనుక! మొదటి గడికి అరచేతి దెబ్బ. తరువాత చిటికెనవేలు, ఉంగరపువేలు, నడిమివేలు. ఐదుకు దెబ్బ, ఆరుకు చెయ్యి వెల్లకిల తిప్పడం. ఏడుకు దెబ్బ, ఎనిమిదికి మళ్ళీ తిప్పడం. కాయ ఏ గడిలో నిలిస్తే, ఆ వరుస స్వరం పాడుతూ ఆ గడి తాళం చూపాలి.

పాచికలకు నాలుగు చింతగింజలు చాలు. గరుకు బండమీద ఒక ప్రక్క తెల్లబడేదాకా అరగదీయండి. ఎన్ని తెల్లగా పడితే అన్ని గళ్ళు. అన్నీ నల్లగా పడితే 8. అప్పుడు చూడండి వింత! కాయ తిన్నగా పై వరుసకు ఎక్కుతుంది. స్వరం మారుతుంది, తాళం మారదు.

11నుంచి 35కు ఒక నిచ్చెన వేయండి. దాన్ని ఎక్కేవారు "రి గ మ ప" అని పాడాలి. 54నుంచి 22కు ఒక పాము. దిగేవారు "ని ద ప మ గ" అనాలి. అంటే నిచ్చెన ఆరోహణ, పాము అవరోహణ అన్నమాట. ఇలాగే మరికొన్ని మీరే గీసుకోండి.

ముఖ్యమైన నియమం ఒకటుంది. పామునోట పడినవారు ఒంటరిగా దిగకూడదు. అందరూ వారితో కలిసి పాడాలి. ముందుగా 64 చేరినవారు లేచి పోరాదు; మిగిలినవారికి తాళం వేస్తూ ఉండాలి. అందరూ పై 'స' చేరాక, అందరూ కలిసి ఒక కీర్తన పాడితేనే ఆట ముగిసినట్టు.

పుంగనూరు తరగతిలో తొమ్మిదేళ్ళ పాప ఒకతె ఎప్పుడూ నోరు విప్పేది కాదు. ఆటలో తాళం మాత్రం తప్పకుండా వేసేది. ఒకనాడు ఆమె కాయే 54లో పడింది. అందరూ "ని ద ప" అని అందుకున్నారు. "మ" దగ్గర సన్నగా ఒక కొత్త గొంతు వినిపించింది. ఎవరూ తిరిగి చూడలేదు. ఆట సాగిపోయింది.

కుప్పంలో మరొక ముచ్చట. ఆ ఊరికి ఒకవైపు కర్ణాటక, ఇంకొకవైపు తమిళనాడు. అక్కడి పిల్లల్లో కొందరి ఇంట తెలుగు, కొందరి ఇంట తమిళం, కొందరి ఇంట కన్నడం. సరిగమలు మాత్రం అందరికీ ఒకటే! ఒక అబ్బాయి పటం అంచున స్వరాలను తమిళంలో రాశాడు, ఒక అమ్మాయి కన్నడంలో రాసింది. ఇప్పుడా పటానికి మూడు లిపుల అంచు ఉంది.

అమ్మలూ, నాన్నలూ! మీకూ ఒక మాట. 'స'కు స్థిరమైన ఎత్తంటూ లేదు. గొంతుకు అనువైన చోట దాన్ని పెట్టుకోవచ్చు. కాబట్టి ఆడేవారిలో అందరికంటే చిన్న గొంతుకు అందే శ్రుతిలో మొదలుపెట్టించండి. "నీకు పాట రాదు" అనే ముందు, నాలుగు చింతగింజలు అరగదీసి పిల్లల చేతికివ్వండి.