బ్యాటరీ పోయింది అనే ముందు మీటర్ పెట్టి చూద్దాం

పోస్టు కొంచెం పెద్దదే. కానీ మన తండాల్లో, గూడేల్లో కిస్తీల మీద కారో ట్రాలీనో కొని నడుపుకునే ఇండ్లు చాలా ఉన్నయి. వాళ్లకు పనికొస్తది, ఓపికతో చదవండి.

మేము మేడ్చల్ హాస్టల్‌లో ఉండి డిగ్రీ చదువుకునే ముగ్గురం. మాలో ఒకరి కాకా షామీర్‌పేటలో కిరాయికి ఉంటూ సొంత కారు నడుపుకుంటడు. మేమందరం ఆయనను కాకా అనే పిలుస్తం. డిసెంబర్‌లో ఒక ఆదివారం సాయంత్రం ఫోన్ చేసిండు. "కారు స్టార్ట్ అయితలేదురా. పొద్దుగాల నాలుగింటికి ఎయిర్‌పోర్ట్ కిరాయి ఉన్నది. షాపాయనకు ఫోన్ చేస్తే బ్యాటరీ పోయింది, ఐదున్నర వేలు పట్టుకొని రా అంటున్నడు. మీరు చదువుకున్నోళ్లు గదా, ఏం చెయ్యమంటరు?"

ఆ చివరి మాట మనందరికీ ఎరుకే. ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కినోళ్లను కరెంటు బిల్లు కాన్నుంచి కోర్టు కాయితం దాకా అన్నీ అడుగుతరు. మాకు తెల్వదు అంటే, ఇక ఆ చదువెందుకు అన్నట్టే చూస్తరు. ఇక్కడ షాపాయన కారును చూడనే లేదు. చూడకుండనే ఐదున్నర వేలు అన్నడు. కాకాకు అది నెల కిస్తీలో సగం.

ప్రాక్టికల్స్ కోసం కొనుక్కున్న చిన్న మల్టీమీటర్ మా రూమ్‌లో ఉన్నది. అది పట్టుకొని షామీర్‌పేట పోయినం.

ముందు చప్పుడు విన్నం. తాళం తిప్పితే ఇంజన్ గిరగిరా తిరిగి అందుకోకపోతే బ్యాటరీ తప్పు కాదు, డీజిల్ దిక్కో ఇంకో దిక్కో చూసుకోవాలి. ఒక్కటే "టక్" అని, లైట్లు మాత్రం మంచిగ వెలుగుతుంటే స్టార్టర్ మోటార్ మీద అనుమానం. "టకటకటక" అని కొట్టుకుంటూ మీటర్ లైట్లు మసకబారితే ఎక్కువగ రెండు కారణాలు: బ్యాటరీలో చార్జింగ్ లేకపోవడం, లేదా వైరు గట్టిగ అంటుకోకపోవడం. కాకా కారు టకటకమన్నది.

తర్వాత మీటర్‌ను డీసీ 20 వోల్టుల మీద పెట్టి బ్యాటరీ రెండు కొమ్ముల మీద ముళ్లు ఆనించినం. బండి ఆపి కొన్ని గంటలు అయినంకనే చూడాలి, లేకుంటే లెక్క ఎక్కువ చూపిస్తది. ఇంటర్ కెమిస్ట్రీలో లెడ్ స్టోరేజ్ బ్యాటరీ చదివినం కదా, ఇది అదే. 1859లో ఫ్రాన్స్‌లో గాస్టన్ ప్లాంటే కనిపెట్టింది. ఒక్కో గదికి సుమారు 2.1 వోల్టులు, ఆరు గదులు. కాబట్టి నిండుగ ఉంటే 12.6 దాకా రావాలి. 12.4 అంటే ముప్పావు వంతు, 12.2 అంటే సగం, 12 అంటే పావు వంతు అనుకోవచ్చు. కాకాది 12.5 చూపించింది. "పోయిన" బ్యాటరీ ముప్పావుకు పైనే నిండి ఉన్నది!

అయితే లోపల పాడైన బ్యాటరీ కూడా ఊరికే ఉన్నప్పుడు మంచి లెక్కే చూపించవచ్చు. అందుకే ఒకరు తాళం తిప్పుతుంటే ఇంకొకరు మీటర్ చూడాలి. స్టార్ట్ చేసేటప్పుడు 9.6 కంటే కిందికి పడితే బ్యాటరీలో బలం లేనట్టు. కాకా బ్యాటరీ కొమ్ముల మీద 12 దగ్గరనే నిలబడ్డది. అదే ముళ్లను కొమ్ముల మీద కాకుండా వైరు క్లాంపుల మీద పెడితే 7కు పడిపోయింది. అంటే కొమ్ముకు, క్లాంపుకు నడుమనే ఐదు వోల్టులు పోతున్నయి. క్లాంపు లేపి చూస్తే లోపలంతా తెల్లగ, నీలంగ ఉప్పు పేరుకున్నది.

తాళం తీసి, ముందు మైనస్ క్లాంపు విప్పినం, తర్వాత ప్లస్. ఈ వరుస ముఖ్యం. ప్లస్ ముందు విప్పుతుంటే పానా బండి బాడీకి తగిలి నిప్పురవ్వలు లేస్తయి. వేడినీళ్లలో వంటసోడా కలిపి పాత బ్రష్‌తో కడిగినం, మూతల్లోకి పోకుండ చూసుకున్నం. తుడిచి, గరుకు కాయితంతో రుద్ది, ముందు ప్లస్, తర్వాత మైనస్ బిగించి, పైన వాజలిన్ రాసినం. మొదటి తిప్పుకే స్టార్ట్ అయింది. ఖర్చు ముప్పై రూపాయలు. ఇంజన్ నడుస్తుంటే మళ్లా చూసినం: 14.2. అంటే ఆల్టర్నేటర్ చార్జింగ్ ఇస్తున్నది. అక్కడ 12 దగ్గరే ఉంటే మాత్రం కొత్త బ్యాటరీ వేసినా రెండు రోజులకు అదే కథ.

కొన్ని జాగ్రత్తలు. బ్యాటరీ దగ్గర బీడీ, అగ్గిపుల్ల వద్దు, దాని నుంచి హైడ్రోజన్ వస్తది. లోపల ఉన్నది యాసిడ్, కండ్లు భద్రం. నీళ్లు పోసే రకమైతే డిస్టిల్డ్ వాటరే పొయ్యాలి, నల్లా నీళ్లు వద్దు. ఇంజన్ నడుస్తుంటే వైరు పీకి పరీక్ష చేసే పాత పద్ధతి ఇప్పటి బండ్ల ఎలక్ట్రానిక్స్‌ను కాల్చగలదు. వేరే బండి నుంచి కరెంటు తీసుకుంటే చివరి నలుపు వైరు ఆగిన బండి బ్యాటరీకి కాదు, దూరంగ ఇంజన్ ఇనుముకు పెట్టాలి.

బ్యాటరీ నిజంగనే పోవచ్చు కూడా. మన ఎండలకు మూడు నాలుగేండ్లు వస్తే మంచిదే. పక్కలు ఉబ్బినా, నిండుగ చార్జ్ చేసినంక కూడా స్టార్ట్ చేస్తే 9.6 కిందికి పడినా మార్చాల్సిందే. అప్పుడు వారంటీ కార్డు తీసి తేదీ చూడండి. పాతది షాపులో ఇచ్చి ధర తగ్గించుకోండి. సీసం కోసం ఇంటి దగ్గర పగలగొట్టనియ్యకండి, ఆ దుమ్ము పిల్లల మెదడును దెబ్బతీస్తది. వాడేసిన బ్యాటరీలను వెనక్కి తీసుకునే బాధ్యత తయారీ కంపెనీలదే అని 2022 నియమాలు చెప్తున్నయి.

ఇదే షామీర్‌పేట దిక్కు హెచ్‌బీఎల్ వాళ్లు పెద్ద పెద్ద బ్యాటరీలు చేస్తరు. మన ఏరియాలోనే తయారయ్యే వస్తువు గురించి మనోళ్లు భయపడి పైసలు ఇచ్చుడు ఎందుకు? మెకానిక్‌లందరూ మోసం చేస్తరని మేము అంటలేము. మంచి మెకానిక్ మీటర్ పెట్టి చూపిస్తడు. చూపించనోళ్లను ఒక్క మాట అడగండి: "అన్నా, ఎన్ని వోల్టులు ఉన్నది?" ఆ ప్రశ్న అడగడానికి డిగ్రీ అక్కర్లేదు. కాకా ఇప్పుడు ఆ మీటర్‌ను డ్యాష్‌బోర్డు డబ్బాలో పెట్టుకున్నడు, మాకు వాపస్ ఇస్తలేడు. మేము ఇంకోటి కొనుక్కున్నం.

మీ ఊర్లో బండి నడిపేటోళ్లకు ఇది చదివి వినిపించండి. ట్రాక్టర్, ఆటో బ్యాటరీల గురించి తెలిసినోళ్లు ఉంటే మాకూ చెప్పండి.