గుట్ట ఎక్కి చూసినా తెల్లగానే కనపడ్డ మా వెబ్‌సైట్



పోస్టు కొంచెం పొడుగైంది, ఓపిగ్గా చదవండి. వెబ్‌సైట్ తొందరగా తెరుచుకోవాలంటే కొత్తగా నేర్చుకునేవాళ్ళు ఏం చేయొచ్చో మాకు తెలిసినంతలో రాస్తున్నాం. మేము ఇంజనీర్లం కాదు. ఖమ్మంలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్న ముగ్గురం, ఒకే రూమ్. మా ముగ్గురి ఇళ్ళల్లోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. కంప్యూటర్ ముందు మొదటిసారి కూర్చున్నది కూడా డిగ్రీ ల్యాబులోనే. కాబట్టి చేసి చూడనిది ఇందులో ఏదీ రాయలేదు.

పోయిన ఏడాది మేము ఒక చిన్న వెబ్‌సైట్ పెట్టాం. చర్ల, దుమ్ముగూడెం వైపు ఊళ్ళల్లో ఇంటర్ అయిపోయిన తమ్ముళ్ళు, చెల్లెళ్ళు మాకు ఫోన్లు చేసేవాళ్ళు. డిగ్రీకి ఎప్పటిలోగా అప్లై చేయాలి, కులం సర్టిఫికెట్‌తో పాటు ఇంకేం కావాలి, హాస్టల్ ఏ కాలేజీకి దగ్గర అని. ఒక్కొక్కరికీ చెప్పే బదులు అన్నీ ఒకచోట రాసి పెడదామనుకున్నాం. రెడీమేడ్ డిజైన్ ఒకటి తీసుకున్నాం. పైన మూడు ఫోటోలు ఒకదాని తర్వాత ఒకటి తిరిగేలా పెట్టాం. సాయంత్రం పూట భద్రాచలం వంతెన, పర్ణశాల దగ్గర గోదావరి, ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవం ర్యాలీలో మన పిల్లలు. కాలేజీ ల్యాబులో తెరిస్తే నాలుగు సెకన్లు. చూసి మురిసిపోయాం.

ఆ ఎండాకాలం సెలవులకు ఊరికి పోయినప్పుడు మా తమ్ముడి వరస పిల్లోడు ఒకడు కలిశాడు. తునికాకు కట్టలు కట్టుకుంటూ, తలెత్తకుండానే అన్నాడు: "అన్నా, మీ సైటు బాగుందంట గదా. మాకైతే తెల్లగానే కనపడతది."

మా ఊళ్ళో సిగ్నల్ గుట్ట మీదే దొరుకుద్ది. వాడు రెండు రోజులు సాయంత్రం గుట్ట ఎక్కి మా పేజీ తెరిచాడంట. తెల్ల తెర, పైన తిరిగే గుండ్రం, అంతే. రెండో రోజు ఫోన్లో ఆ రోజు డేటానే అయిపోయింది. వాడికి కావాల్సింది ఒక్కటే, మొదటి విడత చివరి తేదీ. అది మా పేజీలో ఉంది, కానీ మూడు ఫోటోల కింద ఉంది. మొదటి విడత పోయింది. రెండో విడతలో సీటు వచ్చింది గానీ హాస్టల్ దగ్గరున్న కాలేజీలో కాదు. ఇప్పుడు రోజూ బస్సులో పోయి వస్తున్నాడు. వాడు మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అందుకే ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

తిరిగొచ్చాక ల్యాబులో కూర్చుని మా పేజీ బరువు తూచాం. ఇది ఎవరైనా చేయొచ్చు. కంప్యూటర్‌లో క్రోమ్ తెరిచి, ఎఫ్12 నొక్కి, నెట్‌వర్క్ అనే భాగంలోకి పోయి పేజీని మళ్ళీ లోడ్ చేస్తే, ఏ ఫైలు ఎంత బరువుందో, మొత్తం ఎంతో కింద చూపిస్తది. మాది 11 ఎంబీ వచ్చింది.

ఇప్పుడు లెక్క చూడండి. ఫైలు బరువు బైట్లలో చెప్తారు, నెట్ వేగం బిట్లలో చెప్తారు. ఒక బైటుకు 8 బిట్లు. అంటే 11 ఎంబీ పేజీ 88 మెగాబిట్లు. గుట్ట మీద సెకనుకు 100 కిలోబిట్లు అందితే, ఆ పేజీ మొత్తం దిగడానికి 880 సెకన్లు పడుతుంది. దాదాపు పావుగంట. పావుగంట సేపు సిగ్నల్ తెగకుండా ఉంటేనే! ల్యాబులో మాకు నాలుగు సెకన్లు, గుట్ట మీద వాడికి పావుగంట. పేజీ ఒకటే. బరువు పెట్టింది మేము, మోసింది వాడు. కావడి మోసిన ఇళ్ళ నుంచే వచ్చాం, అయినా ఈ సంగతి తోచలేదు.

తర్వాత ఒక్కొక్కటే దించడం మొదలుపెట్టాం.

మొదట ఫోటోలు. 11 ఎంబీలో 8 ఎంబీ ఆ మూడు ఫోటోలదే. ఫోన్‌తో తీసినవి తీసినట్టే ఎక్కించాం. అవి అడ్డంగా 4000 పిక్సెల్స్ ఉన్నాయి. చిన్న ఫోన్ తెర మీద చూపించడానికి అంత ఎందుకు? పేజీలో చిన్నగా కనపడేలా పెట్టినా ఫైలు మాత్రం మొత్తం దిగాల్సిందే. అందుకే ఎక్కించకముందే సైజు తగ్గించాలి. మేము రెండు ఫోటోలు తీసేశాం. ర్యాలీ ఫోటో ఒక్కటి ఉంచి, అడ్డం 800 పిక్సెల్స్‌కు కుదించి, వెబ్‌పీ రకంలో సేవ్ చేశాం. వెబ్‌పీ అంటే గూగుల్ 2010లో తెచ్చిన ఫోటో రకం, మామూలు జేపెగ్ కన్నా తక్కువ చోటు తీసుకుంటది. స్క్వూష్ అనే ఉచిత సైట్‌లో ఈ పని అయిపోతుంది. ఫోటో 70 కేబీకి వచ్చింది. తేడా మాకైతే కంటికి తెలియలేదు.

రెండోది, కాగితాల ఫోటోలు. నోటిఫికేషన్ వస్తే ఆ కాగితాన్ని ఫోటో తీసి పెట్టేవాళ్ళం. రెండు కాగితాలకు దాదాపు 2 ఎంబీ. కంప్యూటర్‌లో ఒక తెలుగు గుర్తు, అక్షరమైనా గుణింతమైనా ఒత్తు గుర్తైనా, సాధారణంగా 3 బైట్లు తీసుకుంటది. 1500 గుర్తులున్న కాగితాన్ని టైపు చేస్తే 4500 బైట్లు, అంటే 5 కేబీ కూడా కాదు! పైగా అక్షరాలైతే వెతకొచ్చు, కాపీ చేసి పంపొచ్చు. చదువు రాని అమ్మానాన్నలకు ఫోన్ చేతే చదివించి వినిపించొచ్చు. ఫోటోలో ఉన్న అక్షరాలను ఫోన్ అంత తేలిగ్గా చదవలేదు. టైపు చేయడానికి మాకు గంట పట్టింది. ఆ గంట మేము పెట్టకపోతే చదివే ప్రతి ఒక్కరూ పెట్టాలి.

మూడోది ఫాంట్లు. అందం కోసం రెండు తెలుగు ఫాంట్లు తగిలించాం. యూనికోడ్‌లో తెలుగుకు కేటాయించిన చోట్లు 128 మాత్రమే గానీ, ఒత్తులూ గుణింతాలూ కలిసిన ఆకారాలు వందల్లో ఉంటాయి. అవన్నీ ఫాంటు ఫైల్లో ఉండాలి కాబట్టి ఇంగ్లీషు ఫాంటు కన్నా బరువు. మనవాళ్ళ ఆండ్రాయిడ్ ఫోన్లలో తెలుగు ఫాంటు ముందే ఉంటది. మావి రెండూ తీసేశాం.

నాలుగోది, అవసరం లేని తగిలింపులు. ఎంతమంది చూశారో లెక్కపెట్టే డబ్బా, షేర్ బటన్లు, పేజీలోనే ఆడే యూట్యూబ్ వీడియో. వీడియో నొక్కకపోయినా దాని సరంజామా ముందే దిగుతుంది. దాని బదులు వీడియోకు లింక్ ఒక్కటి ఇచ్చాం. ఫోటోలు తిరగడానికి పెట్టిన కోడ్ కూడా ఫోటోలతోనే పోయింది.

ఐదోది చిన్నది గానీ ఉపయోగం. పేజీలో బాగా కిందున్న ఫోటోలకు 'లోడింగ్ లేజీ' అనే గుర్తు పెడితే, చదివేవాళ్ళు అక్కడిదాకా వచ్చినప్పుడే అవి దిగుతాయి. పైనే కనపడే ఫోటోకు మాత్రం పెట్టొద్దు, అది ఇంకా ఆలస్యమవుతుంది. ఫోటో పొడవు వెడల్పులు కూడా ముందే రాసి పెడితే చదువుతుంటే అక్షరాలు కిందికి మీదికి దూకవు. మీ హోస్టింగ్ సెట్టింగ్స్‌లో జీజిప్ కంప్రెషన్, కాష్ అనేవి ఉంటే ఆన్ చేయండి. మొదటిది అక్షరాలను నొక్కి చిన్న మూటగా పంపుతుంది. రెండోది ఒకసారి దిగిన ఫైలును ఫోన్ దాచుకునేలా చేస్తుంది, రెండోసారి తెరిస్తే మళ్ళీ దిగక్కర్లేదు.

ఇవన్నీ అయ్యాక ఒక సంగతి మిగిలింది. ఏది పైన ఉండాలి? మాకు 2022 జులై గుర్తొచ్చింది. అప్పుడు మేమింకా ఇంటర్ పిల్లలం. జులై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు వచ్చింది. 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది అని మన ఏరియాలో చిన్న పిల్లలకు కూడా తెలుసు. ఆ రోజుల్లో ఇంటింటా అడిగిన ప్రశ్న ఒక్కటే, ఎన్ని అడుగులు? వరద వీడియోలు బోలెడు వచ్చాయి, తెరుచుకోక తిరుగుతూనే ఉండేవి. ఎవరో ఒకరు "ఇప్పుడు ఇన్ని అడుగులు" అని టైపు చేసి పెట్టిన మెసేజే మా దాకా వచ్చింది. ఊరు వదిలి పోవాలా వద్దా అనేది ఆ ఒక్క లైను బట్టే. అట్లాగే మా పేజీలో ఇప్పుడు మొదటి లైను చివరి తేదీ, రెండోది కావాల్సిన కాగితాలు. ఫోటో అన్నిటికంటే కింద. సిగ్నల్ మధ్యలో తెగిపోయినా తేదీ మాత్రం వచ్చేసి ఉంటది.

ఇప్పుడు మా పేజీ మొత్తం బరువు 180 కేబీ. అదే గుట్ట మీద, అదే లెక్కన 15 సెకన్లలోపు. పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్ అని గూగుల్ వాళ్ళది ఉచిత పరీక్ష ఉంది, అడ్రస్ ఇస్తే ఏది బరువో చెప్తది. అది వాడండి. కానీ అందులో మార్కులు వచ్చాయని ఆగిపోవద్దు. మీ ఫోన్‌ను సెట్టింగ్స్‌లో 2జీకి మార్చి, మీ పేజీ మీరే తెరిచి చూడండి. వీలైతే ఊరికి పోయినప్పుడు మనవాళ్ళు నిలబడే చోటే నిలబడి తెరవండి. మేము ఇన్ని చేసినా కొత్తగా నేర్చింది తక్కువ, తీసేసిందే ఎక్కువ. ఖర్చు ఒక్క రూపాయి కాలేదు.

మొన్న ఆ తమ్ముడికి మళ్ళీ లింక్ పంపాం. గుట్ట మీద నుంచే ఫోన్ చేశాడు. "అన్నా, వచ్చింది. ఫోటో రాలేదు గానీ తేదీ కనపడింది" అన్నాడు. వాడి చెల్లెలు ఈ ఏడాది ఇంటర్ రెండో సంవత్సరం.

మీ ఊరి నుంచి మా పేజీ తెరవడానికి ఎన్ని సెకన్లు పట్టిందో, ఎక్కడ నిలబడి తెరిచారో కింద రాయండి. 15 దాటితే ఇంకా ఏదో దించాల్సింది మిగిలే ఉందన్నమాట.

జై ఆదివాసీ.