దడ

మా అమ్మకి గుండెదడ ఉందని చిన్నప్పట్నించీ తెలుసు. అది జబ్బని మాత్రం తెలీదు. భయం అనుకున్నాం. 1992 డిసెంబరు 6న బాబ్రీ మసీదు కూల్చేశారన్న వార్త రేడియోలో విని, అమ్మ గుండెల మీద చెయ్యేసుకుని అరుగు మీద కూలబడింది. 'దడదడలాడిపోతోందిరా' అంది. ఆ తరవాత ఎక్కడ గొడవ జరిగినా, ఊరేగింపు డప్పులు మా వీధి మలుపులో కాసేపు ఆగినా అదే మాట. ఇంటిల్లిపాదీ అలవాటు పడిపోయాం. సాయిబుల ఇళ్ళల్లో దడ ఉంటే వింతేముంది?

మేం దూదేకులోళ్ళం. కంకిపాడులో బందరు రోడ్డుకి దగ్గర్లోనే ఇల్లు. ఇంట్లో మాట్లాడేది తెలుగే. ఉర్దూ రాదని మసీదు దగ్గర మమ్మల్ని సగం తురకలంటారు. బజార్లో మాత్రం పూర్తి తురకలమే. అందుకేనేమో, అమ్మ రంజాను నెలలో ఒక్క రోజా వదిలేది కాదు. ఎవరికో లెక్క అప్పజెబుతున్నట్టు ఉండేది.

నాన్న పరుపులు కుట్టేవాడు. దూదేకే విల్లు మీద దెబ్బ వరస తప్పితే ఆయన చెవికి ఇట్టే తెలిసేది. ఒక రాత్రి అమ్మ మణికట్టు పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. 'భయమైతే గబగబా కొట్టుకోవాలి గానీ వరసగానే కొట్టుకోవాలి. ఇదేంటే, రెండు కొట్టి ఒకటి మింగుతోంది, మళ్ళీ మూడు కలిపి కొడుతోంది' అన్నాడు. ఆ మాట మేమెవరం పట్టించుకోలేదు. ఒక ఆర్.ఎం.పి. నిద్రమాత్రలూ బలం సూదులూ ఇచ్చాడు. దర్గా నుంచి తాయెత్తు వచ్చింది.

2006 రంజానులో, సహరీకి లేచి అన్నం కలుపుతుంటే అమ్మ కుడిచెయ్యి జారిపోయింది. మూతి వంకరపోయింది. మాట ముద్దముద్దగా వచ్చింది. పావుగంటలో అంతా సర్దుకుంది. సర్దుకుంది కదా అని అమ్మ మళ్ళీ పళ్ళెం ముందు కూర్చోబోతే బలవంతాన ఆటో ఎక్కించి బెజవాడ తీసుకెళ్ళాను. చీటీ రాసే ఆమె పేరు చూసి, 'సాయిబులా? తెలుగు ఇంత బాగా మాట్లాడుతున్నారే!' అంది. ఆ పూట కూడా మేం దానికి జవాబు చెప్పాలి.

ఈసీజీ తీశారు. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అన్నాడు డాక్టరు. గుండె పైగదులు రెండూ ముడుచుకోవాల్సింది పోయి వణుకుతున్నాయట. ఆ వణుకులో ఏ కబురు ఎప్పుడు కిందికి దిగుతుందో కిందిగదులకి తెలీదు, అందుకే వరస తప్పుతుంది. కాలవ చివర నీళ్ళు నిలిచిపోయినట్టు పైన నెత్తురు నిలిచి గడ్డ కడుతుంది. ఆ ముక్క మెదడుకి కొట్టుకుపోతే పక్షవాతం. ఆయన చెబుతుంటే నాకు నాన్న మాటే వినబడింది. అప్పటికాయన పోయి మూడేళ్ళు.

గుండెకి ఎకో తీస్తే మైట్రల్ కవాటం సన్నబడిపోయి ఉంది. చిన్నప్పుడు గొంతునొప్పీ కీళ్ళవాపులూ వచ్చాయా అని అడిగారు. పదేళ్ళప్పుడు మోకాళ్ళు వాచి నెల్లాళ్ళు మంచంలో ఉన్నానంది అమ్మ. అప్పుడు సాంబ్రాణి పొగ వేశారట. అది రుమాటిక్ జ్వరం. గొంతులో చేరిన క్రిమి మీదికి లేచిన ఒంటి బలమే గుండె కవాటాన్నీ కరుస్తుంది. పదిమంది ఒకే గదిలో పడుకునే ఇరుకు ఇళ్ళల్లో ఇది ఎక్కువ. గొంతు దగ్గరుండగానే పెన్సిలిన్ పడితే ఇంతదాకా రాకపోను.

తొడ దగ్గర నరంలోంచి బెలూను పంపి కవాటం తెరిచారు. ఆయాసం తగ్గింది. వరస మాత్రం కుదరలేదు. వేగం తగ్గించే మాత్ర ఒకటి, గడ్డ కట్టకుండా వార్‌ఫరిన్ ఒకటి. ఆ మందుకో కథ ఉంది. 1920లలో అమెరికా, కెనడాల్లో పాడైన గడ్డి మేసిన పశువులు నెత్తురు కారి చచ్చిపోతుంటే, ఆ గడ్డిలోని విషం మీద పరిశోధించి కనిపెట్టారు. 1948లో ఎలకల మందుగా అమ్మారు, 1954 నించి మనుషులకిచ్చారు. 'ఎలకల మందు మింగిస్తున్నావట్రా!' అని అమ్మ నవ్వింది. కొత్త మందులు వచ్చాయి గానీ, ఇలా రుమాటిక్ కవాటంతో వచ్చే దడకి పాతదే మేలని 2022లో ఇన్విక్టస్ పరిశోధన తేల్చింది.

ఐఎన్ఆర్ పరీక్షలో అంకె రెండుకీ మూడుకీ మధ్య ఉండాలి. తగ్గితే గడ్డ, పెరిగితే నెత్తురు కారడం. గోంగూర మానక్కర్లేదు, ఏ వారమైనా ఒకే కొలత తినాలి. డాక్టరుకి చెప్పకుండా కొట్లో నొప్పిమాత్ర కొనకూడదు. ఇవన్నీ అమ్మ ఒప్పుకుంది. రోజా దగ్గరే తెగలేదు. ఉపవాసం వద్దని డాక్టరన్నాడు. జబ్బుగా ఉన్నవాళ్ళు వదలొచ్చని ఖురానే చెబుతోందని నేనన్నాను. 'అది వాళ్ళకిరా. మనం వదిలితే, దూదేకులోళ్ళకి దీనేం తెలుసంటారు' అంది. ఆ ఏడు మాకు తెలీకుండా నాలుగు రోజాలు ఉంది. పగటి మాత్ర కొంగున కట్టుకుని తిరిగింది. నాకు కోపం ఎవరి మీద రావాలో తెలీలేదు.

ఇప్పుడు రాత్రిపూట అమ్మ చెయ్యి పట్టుకుని గడియారం చూస్తూ నిమిషం నిండా లెక్కపెడతాను. పావు నిమిషం లెక్కేసి నాలుగుతో హెచ్చిస్తే ఈ దడ దొరకదు. మొన్న అలా పట్టుకుని ఉండగానే రోడ్డు మీద డప్పులు మోగాయి. అమ్మ చెయ్యి బిగుసుకుంది.

'చూడరా, ఇది జబ్బు దడా, ఆ దడా?' అంది.

లెక్క తప్పింది. మళ్ళీ ఒకటి నించి మొదలుపెట్టాను.