పూరీకి మొహమాటం

మొన్న మా అక్క ఇంటికి చుట్టాలొచ్చిన వేళే గ్యాస్ అయిపోయింది. బాణలిలో పూరీ సగం పొంగి ఆగింది. అక్క మొహం వాడిపోయింది. పెద్దమ్మ తొంగిచూసి, "ఏమే, చుట్టాల్ని చూసి పూరీకి కూడా మొహమాటమా?" అంది. అందరికంటే ముందు అక్కే పగలబడి నవ్వింది. బావ సిలిండర్ కోసం పక్కింటికి వెళ్లొచ్చేలోపు అందరం పెరుగటుకులు కలుపుకుని తినేశాం.

ఇలాంటి నవ్వు అనగానే గుర్తొచ్చే రచయిత ముళ్లపూడి వెంకటరమణ గారంటే నాకు ప్రాణం. చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకుని, లేమిని దగ్గరగా చూసిన మనిషి. ఆ కష్టాలనే తన ఆత్మకథ 'కోతి కొమ్మచ్చి'లో మనల్ని నవ్విస్తూ చెప్పారు. అప్పుల మీద ఏకంగా 'ఋణానందలహరి' రాశారు. అంతటి కష్టాల్లోనే ఆయనకి నవ్వు దొరికితే, పాలు పొంగిపోయాయనీ కరెంటు పోయిందనీ మనం రోజంతా మొహం మాడ్చుకోవడం దేనికి?

ఒక్క మాట మాత్రం గట్టిగా నమ్ముతాను. ఇబ్బందిలో ఉన్న మనిషిని కలుపుకుని నవ్వితే వాళ్లకి ధైర్యం వస్తుంది. వాళ్లని వదిలేసి నవ్వితే అది వెక్కిరింతే.

మీ ఇంట్లో చిరాకుని నవ్వుగా మార్చేసేది ఎవరు? చెప్పండి, వినాలని ఉంది.