హోసూరు బస్సులో ఇంటర్వ్యూకు

మా హోసూరు నుంచి బెంగుళూరు ఎలక్ట్రానిక్ సిటీకి సుమారు 20 కిలోమీటర్లు. అంతలోనే నాలుగు భాషలు! ఇంట్లో అమ్మతో తెలుగు, బస్టాండులో తమిళం, అత్తిబెలె దాటితే కన్నడం, ఇంటర్వ్యూ గదిలో ఇంగ్లీషు.

కోనప్పన అగ్రహారం, దొడ్డతోగూరు గ్రామాల్లో 332 ఎకరాలు తీసుకుని 1970లలో కర్ణాటక ప్రభుత్వ సంస్థ కియోనిక్స్ ఈ పారిశ్రామిక వాడను వేసింది. అందుకు ఆద్యులు ఆర్.కె. బాళిగా గారు. 2025 ఆగస్టులో మెట్రో బొమ్మసంద్ర దాకా వచ్చింది గానీ, మనవాళ్లు అక్కడివరకు బస్సునే నమ్ముకోవాలి. చందాపురం దగ్గర ఆగిన బస్సు ఎప్పుడు కదులుతుందో ఆ చంద్రచూడేశ్వరుడికే ఎరుక. పది గంటలకు ఇంటర్వ్యూ అంటే నేను ఏడింటికే బయలుదేరతాను.

మొదటి పరీక్ష ఇంట్లో కూర్చునే రాయవచ్చు. అసలు కథ రెండోది, తెల్లబోర్డు ముందు. లెక్క ఇచ్చి, "ఆలోచిస్తున్నది పైకి చెప్పండి" అంటారు. జవాబు కంటే దాన్ని చేరిన దారి చూస్తారట. న్యాయమే. కానీ నా ఆలోచన తెలుగులో నడుస్తుంది! దాన్ని వాక్యం వాక్యంగా ఇంగ్లీషులోకి తోడిపోయడమంటే చిల్లికుండతో నీళ్లు మోసినట్టే. మనవాళ్లు పిల్లల్ని స్పోకెన్ ఇంగ్లీషు క్లాసులకు పంపుతారు. నాకు తోచినంతలో, లెక్క చేస్తూ పక్కవాడికి వివరించే అలవాటే ఎక్కువ పనికొస్తుంది.

ఒక కంపెనీలో అడిగారు: "బస్సు టికెట్లు అమ్మే సాఫ్ట్‌వేర్ కట్టాలి. ఒకే సీటు ఇద్దరికి పోకుండా ఎలా చూస్తారు?" నాకు వెంటనే మా బస్టాండు గుర్తొచ్చింది. కిటికీలోంచి తుండు వేసి సీటు పట్టడం తెలియనిదెవరికి? అదే చెప్పాను. డబ్బు కట్టేదాకా సీటు మీద తుండు ఉంటుంది. పది నిమిషాల్లో కట్టకపోతే తుండు తీసేసి సీటు ఇంకొకరికి ఇవ్వాలి. ఇద్దరూ ఒకేసారి తుండు విసిరితే? తీర్పు చెప్పడానికి ఒకే డేటాబేసు ఉండాలి, కిటికీకొకరు కాదు. అడిగినాయన తమిళులు. "తుండా!" అని నవ్వి, అరగంట దాని మీదే ప్రశ్నలు వేశారు. ఆ అరగంటలో ఏ భాషలో మాట్లాడుతున్నానో నాకు గుర్తు లేదు.

తర్వాత హెచ్.ఆర్. వారి గది. పాత జీతమెంత, ఎప్పుడు చేరగలరు అన్నవి రెండు ప్రశ్నలు. "వారంలో తెలియజేస్తాం" అన్నారు. మూడు వారాలైంది. కాదన్నా సరిపోయేది, ఈ మౌనమే ఇంట్లోవాళ్లను తినేస్తోంది. వీధిలో ఎవరెదురైనా "వచ్చిందా?" అంటున్నారని నాన్న సాయంత్రం నడకకు దారి మార్చారు.

గురువారం బొమ్మసంద్రలో ఇంకోటి ఉంది. ఏడింటి బస్సు.