కాలేజీ కబురు ఇంటికి చేరుతోందా?

వెనకటికి ఆడపిల్లను అత్తవారింటికి పంపిన తల్లి, ఆ ఊరు వెళ్లివచ్చిన వాళ్లు ఎవరు కనిపించినా పిలిచి, కూచోబెట్టి, మంచినీళ్లిచ్చి మరీ పిల్ల కబుర్లు అడిగేదిట. ఈ కాలంలో కొడుకునో కూతురినో కాలేజీలో చేర్పించిన తల్లిదండ్రులకు ఆపాటి సదుపాయం కూడా ఉన్నట్టు కనిపించదు. కుర్రవాడు పొద్దున్నే సంచీ భుజాన తగిలించుకుని వెడతాడు, సాయంత్రానికి వస్తాడు. "ఏరా, కాలేజీలో ఏమిటి విశేషాలు?" అని అడిగితే "ఏం లేవు" అంటాడు. ఆ రెండు మాటల్లో పగలంతా మూటగట్టి మూల పడేస్తాడన్నమాట. హాస్టల్లో ఉండే పిల్లలు ఆ రెండు మాటలే ఫోనులో చెబుతారు. అంతే తేడా.

డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్పుకునేవాణ్ణి గనక, ఈ సంగతి రెండో వైపు నుంచి చూసే అవకాశం నాకు కలిగింది. నేను చూసినంతలో తండ్రి అనేవాడు కాలేజీ గుమ్మం తొక్కేది రెండే సందర్భాల్లో. ఒకటి పిల్లవాణ్ణి చేర్పించేనాడు. రెండోది, పిల్లవాడి మీద ఏదో అభియోగం వచ్చి ప్రిన్సిపాలుగారు పిలిపించేనాడు. మొదటిసారి ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చి, భవనాల వంకా చెట్ల వంకా చూసి మురిసిపోతాడు. రెండోసారి తల వంచుకుని వస్తాడు. ఈ రెంటి మధ్యా కాలేజీలో ఎన్ని జరిగినా అవి ఆయనకు తెలియవు.

కాలేజీలు కబుర్లు పంపడం లేదని కాదు నేననేది. ఆ మాటకొస్తే పూర్వంకన్నా ఇప్పుడే ఎక్కువ పంపుతున్నాయి. పూర్వం ఏడాదికో రెండేళ్లకో పోస్టులో ఒక ఉత్తరం వచ్చేది. ఇప్పుడు పొద్దున హాజరు వేస్తే మధ్యాహ్నంలోగా తండ్రి జేబులో ఫోను మోగుతుంది. కాని ఆ కబుర్లను ఒక్కసారి వరసపెట్టి చదివి చూడండి. "మీ అబ్బాయి ఈ రోజు కాలేజీకి రాలేదు." "రెండో విడత ఫీజు ఇంకా కట్టలేదు." "ఇంటర్నల్ పరీక్షలో కనీస మార్కులు రాలేదు." అన్నీ "లేదు" కబుర్లే! ఏడాది పొడుగునా వెతికినా "ఉంది" అనే కబురు ఒక్కటి దొరకదు.

దీనివల్ల వచ్చే నష్టం ఏమిటో ఒక కుర్రవాడి సంగతి చెబితే తెలుస్తుంది. పేరెందుకు లెండి. రెండో సంవత్సరం చదువుతున్నాడు. కాలేజీ రికార్డులో తండ్రి ఫోను నెంబరు రాయవలసిన చోట స్నేహితుడి నెంబరు రాశాడు. ఇంకేముంది? కాలేజీ పంపిన సందేశాలన్నీ ఆ స్నేహితుడి ఫోనులో పడి చల్లగా నిద్రపోయాయి. అకౌంట్సు పాఠం ఒకటి అర్థం కాలేదు. మేష్టర్ని అడగడానికి మొహం చెల్లలేదు. ఆ పీరియడు మానేశాడు. తర్వాత ఆ పూట మానేశాడు. తర్వాత ఆ రోజే మానేశాడు.

ఇక్కడ లెక్క కాస్త చెప్పాలి. సెమిస్టరు అంటే దాదాపు 90 పనిదినాలు. పరీక్ష రాయాలంటే 75 శాతం హాజరు ఉండాలి. అంటే 22 రోజులకు మించి మానడానికి లేదు. నెలకు అయిదు రోజులు మానేవాడు సరిగ్గా గట్టు అంచున నిలబడ్డాడన్నమాట. జబ్బు చేసినట్టు డాక్టరు సర్టిఫికెట్టు తెస్తే, కొంత రుసుము కట్టించుకుని 65 శాతం దాకా మన్నించే పద్ధతి చాలా విశ్వవిద్యాలయాల్లో ఉంది. దానికీ తగ్గితే పరీక్షకు కూచోనివ్వరు. ఆ సెమిస్టరు మళ్లీ చదవవలసిందే.

మనవాడికి హాల్ టిక్కెట్టు రాలేదు. తండ్రి మందుల కంపెనీ పనిమీద జిల్లాలు తిరిగే మనిషి, ఊళ్లో లేడు. తల్లి వచ్చింది. ఆవిడ ఏడవలేదు, ఎవర్నీ తిట్టలేదు. "రోజూ క్యారేజీ కట్టి ఇచ్చానండీ. సాయంత్రం ఖాళీ క్యారేజీ తెచ్చి ఇచ్చేవాడు. తిన్నది కాలేజీలో కాదని నాకెలా తెలుస్తుంది మేష్టారూ?" అంది. దానికి మా దగ్గర జవాబేముంది?

తర్వాత కుర్రవాణ్ణి ఒంటరిగా అడిగాను, ఆ నెంబరు ఎందుకు అలా ఇచ్చావురా అని. "కాలేజీ నుంచి మెసేజి వచ్చిందంటే ఇంట్లో తిట్లే సార్. ఇంటర్ రెండేళ్లూ అదే చూశాను" అన్నాడు. వాడు చేసింది తప్పే. కాని వాడికి తెలిసినంతలో కాలేజీకీ ఇంటికీ మధ్య ఉన్న ఆ దారిలో నడిచి వచ్చేవి తిట్లు మాత్రమే. ఆ దారికి కంప కొట్టాడు.

ఇహ "ఉంది" కబురు చేరకపోతే ఏమవుతుందో వినండి. ఆగస్టు 29 గిడుగు రామమూర్తి పంతులుగారి జన్మదినం. 1863లో పుట్టి, వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన మహనీయుడాయన. ఆ రోజును తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటాం గదా. ఒక ఏడు మా కాలేజీలో పద్యపఠనం పోటీ పెట్టాం. కామర్సు చదివే ఒక కుర్రవాడు, క్లాసులో ఎప్పుడూ ఆఖరి బెంచీలో మౌనంగా కూచునేవాడు, లేచి వచ్చి కాటిసీను పద్యాలు ఎత్తుకున్నాడు. హరిశ్చంద్ర నాటకంలో నటులు పాడే జాషువాగారి పద్యాలు. హాలులో చప్పుడు లేదు. కిటికీల దగ్గర నిలబడ్డ పిల్లలు ఫోన్లు జేబుల్లో పెట్టేశారు. మొదటి బహుమతి వాడిదే.

మూడు నెలల తర్వాత స్కాలర్‌షిప్పు కాగితం మీద సంతకం కోసం వాడి తండ్రి వచ్చాడు. ఎరువుల కొట్లో గుమాస్తా. మాటల్లో, "మీవాడి గొంతు అద్భుతమండీ" అన్నాను. ఆయన నవ్వి, "మావాడిదా? మీరెవర్ని అనుకుంటున్నారో! ఇంట్లో పిలిస్తే పలకడండీ" అన్నాడు. ఏ పద్యాలు పాడాడో చెప్పాను. అంతవరకూ నిలబడి ఉన్న మనిషి కుర్చీలో కూచున్నాడు.

"అవి నేను పాడేవి మేష్టారూ" అన్నాడు కాసేపటికి. "మా ఊళ్లో శ్రీరామనవమి పందిట్లో ఏడేళ్లు హరిశ్చంద్రుడి వేషం కట్టాను. సంసారంలో పడ్డాక మానేశాను. ఇప్పుడు స్నానం చేసేటప్పుడు కూనిరాగం తియ్యడమే. వాడు వింటున్నాడని నాకు తెలీదండీ."

బహుమతి పత్రం ఇంట్లోనే ఉందిట, పుస్తకాల మధ్య. కామర్సు చదివేవాడికి పద్యాలేమిటని కోప్పడతారేమోనని కుర్రవాడు చూపించలేదు. తండ్రికీ కొడుకుకీ మధ్య ఇంత పెద్ద ఆస్తి ఉండి, అది ఒకరికొకరికి తెలియకుండా ఒకే ఇంట్లో మసులుతున్నారు. స్కాలర్‌షిప్పు కాగితమే లేకపోతే ఆ సంగతి ఎప్పటికీ బయటపడేది కాదు.

మరొక ఇంటి సంగతి. నేషనల్ సర్వీస్ స్కీమ్ అని ఒకటి ఉంది. గాంధీగారి శతజయంతి సంవత్సరంలో, 1969 సెప్టెంబరు 24న 37 విశ్వవిద్యాలయాల్లో మొదలైంది. అందులో చేరిన పిల్లలు రెండేళ్లలో 240 గంటలు సేవ చేసి, ఏడు రోజులు ఏదో ఒక గ్రామంలో శిబిరంలో ఉండాలి. ఏడాదంతా ఎంతో ఇష్టంగా పనిచేసిన ఒక అమ్మాయి, శిబిరానికి వెళ్లేముందు రోజు రాత్రి అనుమతి పత్రం తండ్రి ముందు పెట్టింది. "ముక్కూ మొహం తెలియని ఊళ్లో వారం రోజులా?" అని ఆయన సంతకం పెట్టలేదు. ఆయన్ను తప్పుపట్టలేను. ఏ ఊరో, ఎవరు వెంట వెడుతున్నారో, ఎక్కడ పడుకుంటారో ఒక్క రాత్రిలో ఎలా తెలుస్తుంది? మహిళా లెక్చరర్లు వెంట ఉంటారనీ, బస పాఠశాల భవనంలోననీ నెలరోజుల ముందే ఆయనకు ఎవరైనా చెప్పి ఉంటే ఆ పిల్ల వెళ్లేది.

అయితే తల్లిదండ్రులు కాలేజీ సంగతులన్నీ కూపీ తియ్యాలా అంటే, అదీ కాదు. పద్దెనిమిదేళ్లు నిండిన బిడ్డకు చట్టం ఓటుహక్కు ఇచ్చింది. వాడి స్నేహాలూ, వాడి ఇష్టాయిష్టాలూ వాడు చెబితే వినాలి గాని, వాడి వెనక నుంచి మేష్టర్లను అడిగి తెలుసుకోకూడదు. మార్కుల సంగతి కూడా ముందు వాడి నోటనే వినడం మర్యాద. కాని తప్పకుండా తెలిసి ఉండవలసినవి కొన్ని ఉన్నాయి.

విద్యాసంవత్సరం క్యాలెండరు మొదటిది. పరీక్షలూ, సెలవులూ, ఫీజు గడువులూ అందులో ఉంటాయి. చేరేనాడే అడిగి తీసుకుని వంటింట్లో గోడకు తగిలించండి. రెండోది, రికార్డులో ఉన్న ఫోను నెంబరు మీదేనా కాదా అన్నది. ఆఫీసు గుమాస్తా రెండు నిమిషాల్లో చెబుతాడు.

మూడోది, చేరేటప్పుడు మీరు సంతకం పెట్టే ర్యాగింగ్ హామీ పత్రం. యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ 2009లో చేసిన నిబంధనల ప్రకారం విద్యార్థీ, తల్లిదండ్రులూ ఇద్దరూ అది ఇవ్వాలి. పది కాగితాల మధ్య పదకొండోదిగా చదవకుండానే సంతకం చేసేవాళ్లే ఎక్కువ. చదవండి. మీవాడు ఎవర్నీ బాధించకూడదనీ, బాధిస్తే శిక్ష ఏమిటో అందులో ఉంటుంది. మీవాణ్ణే ఎవరైనా బాధిస్తే రాత్రీ పగలూ పలికే ఉచిత ఫోను 1800-180-5522. మన ఉభయ రాష్ట్రాల్లోనూ దీనిమీద 1997 నాటి చట్టం కూడా ఉంది.

నాలుగోది అన్నిటికన్నా ముఖ్యం. పిల్లల మనసు దిగులు పడినప్పుడు మాట్లాడడానికి కాలేజీలో ఎవరున్నారు? విశాఖపట్నంలో ఒక విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు, వందమందికి పైబడి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలోనూ అర్హత గల కౌన్సిలరు ఉండాలని ఆదేశించింది. మీ కాలేజీలో ఆ మనిషి ఎవరో, ఏ గదిలో కూచుంటారో అడగండి. 2022 అక్టోబరులో కేంద్రప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్ నెంబరు 14416 కూడా క్యాలెండరు మీదే రాసి ఉంచండి. ఎవరి ఇంటికీ దాని అవసరం రాకూడదనే కోరుకుందాం.

ఇవి కాక మిగిలినవన్నీ అన్నం దగ్గర దొరికే కబుర్లు. "ఏమిటి విశేషాలు?" అంటే "ఏం లేవు" అనే జవాబు వస్తుందని చెప్పాను గదా. ప్రశ్న మార్చి చూడండి. "నోటీసు బోర్డు మీద ఇవాళ కొత్తగా ఏం అంటించారు?" అనండి. "మీ మేష్టర్లలో ఎవరు బాగా నవ్విస్తారు?" అనండి. చెప్పినది విని ఊరుకోండి. అందులోంచి మార్కుల ప్రస్తావన మాత్రం లాగకండి. నాలుగు రోజులు వాళ్లకు అనుమానంగానే ఉంటుంది. అయిదోనాడు వాళ్లే మొదలుపెడతారు.

కాలేజీల వంతూ ఉంది. "రాలేదు" అని పంపే యంత్రమే "బహుమతి వచ్చింది" అని కూడా పంపగలదు. అదనంగా ఖర్చేమీ లేదు. మా శాఖలో ఇప్పుడొక అలవాటు చేసుకున్నాం. ఒక్కొక్కరం నెలకు నలుగురు పిల్లల ఇళ్లకు ఫోను చేసి, ఉన్న మంచి మాట ఒకటి చెబుతాం.

క్యారేజీ కుర్రవాడు ఆ సెమిస్టరు మళ్లీ చదువుతున్నప్పుడు వాళ్ల ఇంటికీ చేశాను. ఈసారి రికార్డులో ఉన్నది తండ్రి నెంబరే. "మీ అబ్బాయి ఈ నెలంతా ఒక్కరోజు మానకుండా వచ్చాడండీ" అన్నాను. అవతల చాలాసేపు నిశ్శబ్దం. "ఊఁ. తర్వాత?" అన్నాడాయన. "తర్వాత ఏమీ లేదండీ. అది చెబుదామనే చేశాను" అన్నాను. ఆయన నమ్మడానికి మరి కాస్త సమయం పట్టింది. ఆ రాత్రి ఇంట్లో ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. మర్నాడు కుర్రవాడు నా గది ముందునుంచి పోతూ ఆగి, అకౌంట్సు మేష్టారు ఏ వేళకు ఖాళీగా ఉంటారని అడిగాడు.

మీ పిల్లల కాలేజీలో కూడా వార్షికోత్సవం ఉంటుంది, ఆటల పోటీలు ఉంటాయి, ఆగస్టు 29న పద్యాలు ఉంటాయి. పిలుపు వస్తే సరే సరి. రాకపోతే ప్రిన్సిపాలుగారికి ఒక చీటీ రాసి, వస్తామని చెప్పండి, ఎవరూ కాదనరు. వెనక వరసలో ఓ గంటసేపు కూచుని, చూసి, చప్పట్లు కొట్టి రండి. ఆ రోజు మాత్రం హాజరు గురించి అడగవద్దు.