ఆడపడుచు సంతకం

"అక్కకి పెళ్లప్పుడే అన్నీ పెట్టాం కదా, ఇప్పుడో సంతకం పెట్టేస్తే అయిపోతుంది." పొలం పంపకాలున్న ప్రతి ఇంట్లోనూ వినపడే మాటే. హక్కే లేకపోతే ఆ సంతకం ఎందుకో మరి!

నిజానికి ఆడపిల్లల ఆస్తి హక్కు విషయంలో ఢిల్లీ కంటే మనమే ముందు. ఎన్టీఆర్ ప్రభుత్వం హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి ఉమ్మడి ఆస్తిలో కూతురికీ కొడుకుతో సమానంగా వాటా ఇచ్చింది. 1985 సెప్టెంబరు 5 నుంచి అమలు. కాకపోతే ఓ మెలిక: అప్పటికే పెళ్లయినవాళ్లకు వర్తించదు. అలా ఒకే ఇంట్లో పెద్దమ్మాయికి లేని వాటా చిన్నమ్మాయికి దక్కింది. ఇదేం న్యాయమో! 2005లో కేంద్ర సవరణ వచ్చాక గానీ ఆ తేడా పోలేదు. ఆ నాటికి తండ్రి బతికి ఉండాలా అన్న పేచీని 2020లో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. అక్కర్లేదు, కూతురి హక్కు పుట్టుకతోనే వస్తుంది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన పంపకాల జోలికి మాత్రం వెళ్లలేం.

నాన్న స్వార్జితం సంగతి వేరు. వీలునామా రాసి ఎవరికైనా ఇచ్చుకోవచ్చు. రాయకుండా పోతే భార్య, తల్లి, కొడుకులు, కూతుళ్లు అందరికీ సమానం.

ఇవన్నీ తెలిసినా చాలామంది అడగరు. అడిగితే పుట్టింటి రాకపోకలు తెగిపోతాయని భయం. ఇష్టపడి వదులుకుంటే అది వాళ్లిష్టం. కానీ వాటా వదులుకుంటున్నట్టు రాసే విడుదల దస్తావేజు ఒకసారి రిజిస్టరైతే, మోసమో బలవంతమో రుజువు చేస్తే తప్ప రద్దు కాదు. సర్వే నంబర్లతో సహా చదివాకే పెన్ను తీయండమ్మా.